కొయ్యదు, వణుకుతుంది

తిరుపతి నుంచి తెల్లారి నాలుక్కే బయల్దేరినాం.
పలమనేరు దాటి వీకోట మలుపులో
మునిరత్నం వ్యాను ఆపి టీ తాగించినాడు.
భూమి అదిరి ఆరు వారాలు.
పేపర్లకి పాతబడిపోయింది,
ఎముకలకి మాత్రం ఇదే అదును.

జిట్టబండపల్లెలో బడి గోడ కూలింది కాబట్టి
క్యాంపు గంగులప్ప పట్టుపురుగుల షెడ్డులో.
వాకిట్లోనే మా కాళ్ళు కడిగించి, సున్నం తొక్కించినాడు,
మా వల్ల పురుగులకి జబ్బు తగులుతుందేమోనని.
ఒక పక్క మా బల్ల, బీపీ మిషను, దూది.
ఇంకో పక్క తట్టల్లో నాలుగో జ్వరం లేచిన పురుగులు
మల్బరి ఆకు నములుతా ఉన్నాయి,
రేకుల మీద సన్నజల్లు పడినట్టు.
పురుగుకి జ్వరమంటే పొర విడవడమేనట.
ఊరంతా తోటల్లో పడుకున్న రాత్రుల్లో కూడా
ఈ కప్పు కిందికొచ్చి మేత వేసిపోయినారట.
"మాకు బయమని ఇవి పస్తుంటాయా సామీ?"

నస్రీన్ డాక్టరమ్మ ముందు వరస కట్టినవాళ్ళు
దెబ్బలు చూపించలేదు.
నిద్ర రాదన్నారు.
లారీ పోతే గుండె జారుతుందన్నారు.
ఒకామె తలాపున నీళ్ళ చెంబు పెట్టుకుని
తెల్లార్లూ చూస్తా ఉంటుందట,
నీళ్ళు కదుల్తాయేమోనని.
డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టింది,
తీసింది, మళ్ళీ పెట్టింది.

నా పని కట్లు విప్పడం.
పదకొండు చేతులు, నాలుగు కాళ్ళు.
ముందు కుసుమ. తొమ్మిదేళ్ళుంటాయి.
కట్టు మీద బాల్‌పెన్నుతో ఏడో ఎక్కం,
వాళ్ళన్న రాసిచ్చినాడట.
మోచేతి మడత దగ్గర చోటు చాలక ఆగిపోయింది.

రంపం తీసి ప్లగ్గు పెట్టినాను.
ఇరవై ఏళ్ళుగా ప్లాస్టరు గదిలో
పిల్లలందరికీ చెప్పిన మాటే చెప్పినాను:
"బయపడొద్దు తల్లీ, ఇది కొయ్యదు.
వణుకుతుంది, అంతే."
నా అరచేతికి ఆనించి చూపించినాను కూడా.

మిషను గుర్రుమనిందో లేదో
బల్ల సన్నగా అదిరింది,
స్టీలు ట్రేలో కత్తెర గలగలమనింది.
షెడ్డు సగం ఖాళీ.
చెప్పులు వదిలేసి పరిగెత్తినారు.
కుసుమ పరిగెత్తలేదు.
బల్ల కింద దూరి, తెల్లచెయ్యి నెత్తిన పెట్టుకుని
ఒకటే మాట:
"నువ్వే చెప్పినావు కదా, వణుకుతుందని.
నువ్వే చెప్పినావు కదా."

ప్లగ్గు పీకేసినాను.

మాది పుత్తూరు పక్క పల్లె.
మా అవ్వ విరిగిన ఎముకలకి కట్టు కట్టేది,
ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు.
డిప్లొమా చదివినాక
ఆమె చేతుల వాసనకి ముక్కు మూసుకున్నవాణ్ణి నేను.
విప్పేనాడు ఆమె కత్తి ముట్టేది కాదు.
గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి
ఊసులు చెప్తా కూచునేది.
తొందరేముంది, ఎముక తొందరపడిందా, అనేది.

గంగులప్ప పెండ్లాం కాగునిండా నీళ్ళు కాచింది.
కుసుమ చెయ్యి ముంచింది.
నీళ్ళు కుడితిలా తెల్లబడినాయి.
అక్షరాలు చెదిరేలోపల చదవమన్నాను.
ఒక్కో వరసా చదువుతా ఉంటే
ఒక్కో పట్టీ ఊడదీసినాను.
ఏడెనిమిదులు దగ్గర సిరా కరిగిపోయింది,
పిల్ల తడబడింది.
"యాబయ్యారు," అనింది బయట్నుంచి ఏదో ముసలిగొంతు.
చెప్పుల కోసమన్నట్టు
ఒక్కొక్కరే లోపలికొచ్చినారు.

చివరికి బయటపడిన చెయ్యి
సన్నగా, పాలిపోయి, పొట్టు రాలుతా.
గంగులప్ప వంగి చూసి
"జ్వరం లేచిందిలే," అన్నాడు,
పురుగుల్ని చూసే చూపుతోనే.

పదకొండు చేతులూ నాలుగు కాళ్ళూ
నానేసరికి ఒక్క పొద్దు చాల్లేదు.
డీజిల్ దండగన్నాడు మునిరత్నం,
తిరిగి పోదామని మాత్రం అనలేదు.
సంగటీ ఊరుబిండీ తిని
షెడ్డు వాకిట్లోనే పడుకున్నాం.
లోపల ఆకుల వాన.
ఎవరు పెట్టిపోయినారో, నా తలాపున నీళ్ళ చెంబు.
దాహం కోసమే అనుకున్నాను.
చాలాసేపటికి తెలిసింది, చూస్తా ఉన్నానని.

నీళ్ళు ఒక్కసారి కదిలినాయి.
నా మోచెయ్యి తగిలుంటుంది.