కర్త చెప్పనక్కరలేని వాక్యం

పత్తికొండ టమోటా మండీలో
రాత్రి పదకొండు దాటితే లెక్కల పుస్తకం నాది.
దాని కింద ఇంకో పుస్తకం,
అట్ట ఊడిన ఇంగ్లీషు గైడు.
నూట పన్నెండో పేజీ మీద టమోటా రసం
ఎండి, అక్షరాలు అంటుకుపోయినాయి.
బాక్సు దిగినప్పుడల్లా ఒక గీత,
ఐదు గీతలకు ఒక కట్ట,
గీతకూ గీతకూ నడుమ ఒక అలంకారం.

సిమిలీ అంటే "మాదిరి" ఉండేది.
మెటఫర్ అంటే "మాదిరి" రాలిపోయింది.
"ఇంతే పాపా,
తొడిమె ఉంటే సిమిలీ, తుంచితే మెటఫర్"
అన్నాడు షాషావలి సారు, చాక్‌పీసు దులుపుకుంటా.
తొడిమె తుంచిన కాయ తొందరగా కుళ్లుతాదని
సారుకు నేను చెప్పలేదు.

కవులు పుట్టిన ఏండ్లు నోటికొచ్చు నాకు.
చచ్చిన ఏండ్లు కూడా.
ఎవరు క్షయతో పోయినారో,
ఎవరు ఏ ఊర్లో పూడ్చబడినారో,
బిట్లు బిట్లుగా అన్నీ తెలుసు.
ఒక్కరి పద్యం మొదలు నుంచి కడదాకా చదివింది లేదు.
అన్ని ఇండ్ల అడ్రసులూ తెలిసి
ఏ ఇంట్లోనూ మంచినీళ్లు తాగని
పోస్ట్‌మ్యాన్ మాదిరి.
ఇది సిమిలీ. అర మార్కు.

టెన్సులు మాత్రం మా అమ్మ చేతుల్లో నేర్చుకున్నా.
బల్బు కింద కూర్చుని కాయలు ఏరతాది ఈరమ్మ:
పచ్చిది ఢిల్లీకి,
దోరది హైదరాబాదుకు,
పండింది పక్కూరికి,
పగిలింది మాకు.
పర్ఫెక్ట్ కంటిన్యువస్‌కు మా నాయన బోరు చాలు,
మూడేండ్లుగా తవ్వుతానే ఉండాడు.
ఇక్కడ సిన్స్ రాదు, ఫర్ రావాల.

ఆర్టికల్స్ దగ్గరే ఇంకా తడబాటు.
మనకు వాన అంటే వానే గదా.
వాళ్లకు ముందు తెలియనిదైతే "ఎ",
ఎదురుచూసి ఆనవాలు పట్టిందైతే "ది".
ఈ లెక్కన మా చేనుకు వచ్చినవన్నీ "ఎ"లే.
"ది" వాన
ఇంకా మబ్బులోనే ఉన్నట్టుంది.

రెండున్నరకు వేలం.
మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు.
బాక్సు నూటిరవై,
తొంభై ఐదు,
డెబ్బై,
అరవై. ఒకటోసారి.
రైతులు తలగుడ్డలు విప్పి మళ్లీ చుట్టుకున్నారు.

నా పేజీలో పాసివ్ వాయిస్ నడుస్తా ఉంది:
"కర్త ఎవరో తెలియనప్పుడు,
తెలిసినా చెప్పనక్కరలేనప్పుడు వాడవలెను."
నాకు ఉదాహరణలు వెతుక్కునే పని లేదు.
నోటిఫికేషన్ వాయిదా వేయబడినది.
పోస్టులు కుదించబడినవి.
వయసు పరిమితి పరిశీలించబడుచున్నది.
"బై" తర్వాత అంతా ఖాళీ.

అమ్మకు "బడు" రాదు.
"తగ్గించినావు గదరా మద్దిలేటీ!"
లేచి నిలబడి అడిగింది, కర్త, కర్మ, క్రియ,
ఏదీ దాచకుండా.
"నేనేం జేసేదక్కా, రేటే పడిపోయింది."
"పడనీకి దానికేమన్నా కాళ్లున్నాయా?"

పర్సానిఫికేషన్.
ఇంకో అర మార్కు.
ఎవరూ నవ్వలేదు.

తిరిగొచ్చి నా పక్కన కూలబడింది.
చేతుల నిండా పసరు వాసన.
"ఏం చదువుతాండావు మేయ్?"
"చేసినోని పేరు చెప్పకుండా
చేసింది చెప్పడమెట్లో."
"దానికి చదువెందుకే? ఈ మండీలో
చంటిపిల్లోనికి కూడా వచ్చునే అది."

లెక్కల పుస్తకంలో కడపటి గడి, రిమార్కులు.
ఏ పూటా ఎవరూ అందులో ఏమీ రాయరు.
రేటు గడిలో అరవై రాసినా.
పక్క గడిలో "తగ్గించినది" అని రాసి ఆగినా.
ఆ తర్వాతి మాట రాస్తే
రేపు రాత్రి పదకొండుకు ఈ పుస్తకం నాది కాదు,
మున్నూరు రూపాయల కూలీ నాది కాదు,
కోచింగు ఫీజు రెండో కంతు ఊసే లేదు.

పెన్ను ఇంకా గాలిలోనే ఉండాది.
తుగ్గలి దారిలో ఇంకో లారీ హారను.
బాక్సులు దిగుతాండాయి.
ఒక గీత.
రెండు.