ఒక్కసారి గుడ మోగనివి

పదకొండు వేల నాలుగు వందల పాటలు.
సగానికి పేరు 'ట్రాక్ సున్నా ఏడు',
పాడినోళ్ల గడిల 'తెలియదు'.

తెలియకపోవుడేంది, నాకు తెలుసు.
రంగశాయిపేటల షటరు సగం దించుకొని
మైకుసెట్టు డబ్బాల నడుమ కూసోని
ఒక్కొక్కదానికి పేరు పెడుతున్న,
ఇరవై ఒకటోనాడు తొట్టెల పిల్లను
చెవుల పిలిచినట్టు.

సినిమా, సంవత్సరం, సంగీతం.
కంప్యూటరు అడిగే గడులు నాకు సాలయి.
నా గడులు నేనే గీసుకున్న:
'కరెంటు మళ్లొచ్చినంక',
'పెండ్లికొడుకు ఇంకా రాలే',
'మేడారం తొవ్వ, ట్రాక్టరు మీద',
'సావుకు, పండుముసలి',
'సావుకు, పడుసు పిల్లగాడు, సౌండు తక్కువ',
'మిర్చి రేటు పడ్డ యేడు పైసలియ్యకుండ ఏయించుకున్నయి',
'ఎస్సై వచ్చినప్పుడు'.
ఆ ఆఖరిదాంట్ల ఉన్నది ఒక్కటే, భక్తి పాట.

ధర్మారం కొమురమ్మ ఒక్కతే.
కొంరమ్మ, కొమ్రమ్మ, కొమరమ్మ, ధర్మారమామె అని
తెర మీద నలుగురై కూసుంది.
బొడ్డెమ్మ పాట ఒకామె కాడ,
నాట్ల పాట ఒకామె కాడ,
దగ్గు మాత్రం నలుగురి కాడ.
నాలుగింటిని పట్టి 'కలుపు' అని నొక్కిన.
నిజంగనే కలుపుమంటవా అని అడిగింది.
కార్డుల ఒక తీరు, బ్యాంకుల ఒక తీరు ఉందని
మూడేండ్లు ఆమె పింఛను ఆపిన్రు.
బతికున్నప్పుడు ఈ బొత్తాం ఏడ వాయె.

పక్క జిరాక్సు దుకాణం సౌదామిని వచ్చి
ఇంకో ఇద్దె సూపెట్టింది.
"ఏరుడెందుకు మామా,
షరతు రాసి పెట్టు, పాటలే వస్తయ్."
ఆడగొంతు అయి ఉండాలె,
తొమ్మిది నిమిషాలు దాటాలె,
ఎనకసీరి వాన సప్పుడు ఉండాలె.
విస్తర్లేసినట్టే గీతలు పడ్డయ్,
ముప్పై ఆరు పాటలు బంతిల కూసున్నయ్.
వాన అన్న ముక్క తీసేస్తే
ఇంకో రెండు వందల మంది
పిలవకున్నా వచ్చిన్రు.

అట్ల రాసిందే ఈ చివరి షరతు:
ఒక్కసారి గుడ మోగనివి.

సిగ్గయింది. రెండు వందల పన్నెండు.
మోసినం, కాపాడినం,
పెన్‌డ్రైవు నుంచి పెన్‌డ్రైవుకు దాటించినం,
వినలే.
అప్పటి సంది రాత్రికి ఐదారు వింటున్న.
చివరిదాంక విన్నదల్లా
తనంతల తనే జాబితల నుంచి లేసిపోతది,
ఒడ్డించినోనికి చెప్పకుండ.
మధ్యల ఆపితే పోదు, లెక్కల సున్నానే.

ఇప్పుడు ఒక్కటే మిగిలింది.

ఊరుగొండ పెండ్లి, తెల్లారగట్ల మూడు.
బారాతు అయిపోయి అందరు పన్నంక
మైకు సక్కగున్నదా అని చూస్తందుకు
యాకూబ్‌పాషా పాడిండు.
హలో, హలో, ఒకటి రెండు మూడు,
ఇగ అండ్లనే పాట అందుకున్నడు.
వాడు పాడుతడని అప్పటిదాంక నాకెరుక లేదు.
రికార్డు మీట నొక్కింది నేనే.

తర్వాత ఒక యాంప్లిఫయరు కాడ మాటలు పోయినయ్.
తప్పు ఎవరిదో రాసుకునే గడి లేదు.
వాడు భీవండి పోయిండు,
పవర్‌లూముల సప్పుడుకాడ
పాటెవడు వింటడు.

నాలుగు నిమిషాల పద్దెనిమిది సెకన్లు.
రోజూ పెడుత.
కుక్క ఒకటి మొరుగుతది రెండో చరణంల,
ఎవలో నిద్రల నవ్వుతరు.
నాలుగు నిమిషాల పదకొండు కాడ
ఏలు పోయి మీట మీద పడ్తది.

ఆ మిగిలిన ఏడు సెకన్లల్ల ఏమున్నదో తెలుసు.
పాటాపి, గొంతు సవరించుకొని
వాడు అంటడు:
"సదన్నా, ఇగ బందు పెట్టు."

వాడు అనకముందే బందు పెడుతున్న.