నీళ్ళు కలిపే పని

బల్లరాట్‌లో ఆషాఢం.
పార్కింగ్‌లో కార్ల అద్దాలకి మంచు పెచ్చులు.
షాపింగ్ సెంటర్ వెనక, చెత్త డబ్బాలు దాటాక,
తలుపుకి నంబరు కూడా లేని గదిలో
మా గేదె నిలబడి ఉంది.

ఆ పేరు నేనే పెట్టాను.
రాత్రంతా నీళ్ళు తాగుతుంది, నేల నాకుతుంది,
తెల్లారేసరికి పొట్టనిండా మురికితో వచ్చి నిలబడుతుంది.
అడూట్‌కి నచ్చింది ఆ మాట.
వాళ్ళ దేశంలో గేదెలు కావు, ఆవులట.
కొమ్ములు ఇంతంత అని
మాపు కర్ర నిలువునా పైకెత్తి చూపించింది.

సీటు లేపితే కింద నాలుగు బ్యాటరీలు,
ఒక్కోదానికి మూడు గదులు.
కళ్ళద్దాలు, మోచేతుల దాకా గ్లవ్స్.
గాజు గొట్టంలోకి ఒక గుక్క పీల్చి
కంటికెదురుగా పట్టుకుంటాను.
లోపలి పుల్ల ఎంత తేలితే అంత సత్తువ.

మా నాన్నదీ ఇదే పని, పాలకేంద్రంలో.
లాక్టోమీటరు ముంచి వంగి చూసేవాడు,
మనిషి మొహం చూసేవాడు కాదు.
"నీళ్ళు కలిపావా?"
సొంత మేనమామ క్యాన్ అయినా అంకె అంకే.
ముప్పై ఏళ్ళు నీళ్ళు కలిపినవాళ్ళని పట్టుకున్నాడు.
నాకిక్కడ నీళ్ళు కలిపినందుకు
గంటల లెక్కన జీతం.

కలపడానికీ ఒక వరస ఉంది.
ఛార్జింగ్‌కి ముందు కాదు, తర్వాత.
ముందే నింపితే కాగే పాలలా పొంగుతుంది.
కుళాయివి పనికిరావు, డిస్టిల్డ్ నీళ్ళే.
పలకలు మునగాలి, మెడదాకా రాకూడదు.
నెవిల్ చెప్పాడివన్నీ, రిటైరయ్యే ముందు వారం,
మాట మాటకీ ఒక బిస్కెట్ టీలో ముంచుతూ.
తలుపు మూయకు, నిండేటప్పుడు అది వదిలే గాలి
నిప్పు కోసం ఎదురుచూస్తుంటుంది అన్నాడు.
తను సిగరెట్ మానింది అందుకేనట.
వాళ్ళావిడ మాత్రం తన పోరుకే అనుకుంటోందట.

పగటి షిఫ్టుకి ఇవేం పట్టవు.
అరగంట పెడతారు, పీకుతారు.
మళ్ళీ పది నిమిషాలు.
ఎంగిలిపడడమే తప్ప భోజనం ఎరగని కడుపు.
అలా అర్ధాకలితో పడుకోగా పడుకోగా
పలకల మీద ఉప్పులాంటిదేదో పేరుకుంటుంది.
ఆ తర్వాత ఎంత పెట్టినా ఒంటబట్టదు.

మంగళవారం రాత్రి రెండున్నరకి
చెప్పుల షాపు ముందు ఆగిపోయింది.
మూడొందల కిలోలు.
అడూట్ వెనక, నేను పక్కన,
ఫుడ్ కోర్టు మీదుగా తోసుకొచ్చాం.
తుడిచిన నేల మీదే మళ్ళీ మా బూట్ల అచ్చులు.

సీటు లేపితే తెలిసింది.
ఎవరో పుణ్యాత్ములు, ప్లగ్గు పెట్టే ముందే,
అంచుల దాకా కుళాయి నీళ్ళు పోశారు.
పొంగిన యాసిడ్ ట్రే నిండా.
బజ్జీల పిండిలో వేసే సోడానే చల్లాను,
బుస్సుమని లేచి అణిగింది.
మర్నాటికి అడూట్ ప్యాంటుకి మోకాలి దగ్గర
శనగగింజంత చిల్లు.

బ్రెండన్ మెయిల్ పెట్టాడు:
ఈ నెల షీట్ పంపు, అన్నీ ఓకే కదా?
పోయిన నెలది తీసి చూశాను.
పన్నెండు గళ్ళలో ఒకే అంకె,
ఒకే పెన్ను, ఒకే ఊపు.

అట్టముక్క మీద ముట్టుకోవద్దని రాసి
ప్లగ్గుకి వేలాడదీశాను. పది గంటలు.
ఎవరూ ముట్టుకోలేదు, అదో విశేషం.
ఛార్జర్ ఫ్యాన్ ఆగాక, వేడి దిగాక,
వరసగా పీల్చి చూశాను.
పదకొండింటిలో పుల్ల పచ్చగీత దగ్గర తేలింది.
ఏడోది అడుగునే.
మళ్ళీ పీల్చాను. అడుగునే.
గొట్టాన్ని గోటితో తట్టాను, నాన్న తట్టినట్టే.
"నీళ్ళు కలిపావా?"
"ఎవరితో?" అంది అడూట్ గుమ్మంలోంచి.

తలుపు తెరిచే ఉంది, చలి నేరుగా లోపలికి.
ఏడో గడిలో పదకొండు వందల తొంభై వేశాను.
చలికి సిరా సరిగ్గా పడలేదు.
ఆ తొంభైని మళ్ళీ దిద్దాను.