లేదా

నేను రాసేది సంక్షిప్తలిపి.
ఎవరేమన్నా నా పెన్సిలు కింద
వంకీలుగా, చుక్కలుగా పడుకోవాల్సిందే.
ఇరవై రెండేళ్ళు అలాగే రాశాను.
కాశీబుగ్గ పురపాలక మందిరంలో
ఒక్కచోట చెయ్యి ఆగింది.

చట్టం చేసిన రోజు నాకు గుర్తుంది.
బల్లలు చరిచారు. ఒకాయన జీడిపప్పు మీద పద్యమెత్తుకున్నాడు.
ఇంకొకాయన అలిగి వెళ్ళి, టీ తాగి, తిరిగొచ్చాడు.
"పిక్క కొట్టు చేతులకు రక్షణ కల్పించవలెను,
నిర్ణయించిన విధముగా"
అంది పదకొండో సెక్షను.
నిర్ణయించేదెవరని ఎవరూ అడగలేదు.
అనుకూలురు అవుననండి అంటే
అవునన్నారు.

ఆ విధం తర్వాతెప్పుడో వచ్చింది,
చప్పుడు లేకుండా, గెజిట్‌లో,
ఎనిమిదో పేజీ అడుగున:
"చేతితొడుగులు లేదా ఆముదము."
సభ బల్ల మీద పద్నాలుగు రోజులు ఉంచారు ఆ నియమాల్ని,
ఉంచాలని నియమం కాబట్టి.
ఫ్యాను గాలి తప్ప
వాటి మీద ఎవరి చెయ్యీ పడలేదు.
రోజూ ఆ పక్కనుంచే నడిచాను నేనూ.
చెప్పుకోవాలి కదా.

మూడేళ్ళకి కమిటీ పేర ఒక కార్డు.
బళ్ళో చదివే గుంటెవరో రాసిపెట్టింది:
"సట్టంలో రచ్చన అన్నారంట. మాకు ఆవఁదమే ఇస్తన్నారు."
కింద వేలిముద్ర.
ఉపకార్యదర్శి దాన్ని దీపం కిందికి తిప్పాడు.
"ఇది ముద్రేమిటండీ, సిరా మరక. ఒక్క గీతైనా లేదు."
మరకను అర్జీగా తీసుకోవచ్చా అని
అరగంట చర్చ. అదీ రాశాను.

ఐదుగురు రావాలి పలాసకి, ముగ్గురొచ్చారు.
యజమానుల సంఘం ప్లేట్లు సర్దింది,
తెల్లటి గుండు పప్పు, ఒక్క బద్ద లేకుండా.
శాఖ అధికారి లేచాడు:
"లేదా అంటే యజమాని వీలునుబట్టి, సార్.
న్యాయశాఖ చూసిన మాటే."

బమ్మిడి దాలమ్మ చేతులు కొంగులో పెట్టుకుని నిలబడింది.
"నాకు సదువు రాదు బావూ.
దేవుడు వరఁవిచ్చినా పూజారి ఇవ్వడంటారు.
ఆ పూజారినే నాను సూడనేదు.
ఎక్కడుంటాడో సెప్తే
ఎల్లి అడుక్కుంటాను."
నవ్వారు.
'నవ్వులు' అని రాశాను, అలవాటుగా.

"చేతులేవమ్మా, చూపించు" అంది సభ్యురాలు.
జీడి సొన తిన్న చేతులు.
వేలికొసలు నున్నగా, వంశధార గులకరాళ్ళలా.
ఆ మరక ఎవరిదో అప్పుడు తెలిసింది.
గదిలో ఎవరూ మాట్లాడలేదు.
మాట లేనిచోట నా లిపికి గుర్తు లేదు.
ప్లేటు వైపు వెళ్తున్న అధ్యక్షుడి చెయ్యి
సగందాకా వెళ్ళి కాగితాలు సర్దింది.
"కమిటీ పరిశీలించినది"
అని రాశాను చివరికి.

ముప్పై ఒకటో నివేదిక, నాలుగో పేరా:
"మాతృచట్టము ఇచ్చినదానిని నియమము తీసివేయరాదు.
'లేదా'కు బదులు 'మరియు' ఉండవలెను."
పరిశీలనలో ఉన్నది, అంది శాఖ.
గుర్తు చేస్తే, ఇంకా ఉన్నది, అంది.
ఎన్నికలొచ్చాయి. కమిటీ మారింది.
కొత్తవాళ్ళలో ఒకాయన, పొడుగాటి కళ్ళజోడాయన,
పాత పేరాని అక్షరం మార్చకుండా ఎత్తి
మళ్ళీ పంపాడు. ఆయన పలాస ఎప్పుడూ చూడలేదు.

సవరణ ఒక శుక్రవారం వచ్చింది,
ఒకటిన్నర వరుస.
ప్రూఫు నాకే ఇచ్చారు దిద్దమని.
'మరియు' మీద వేలు పెట్టి మూడుసార్లు చదివాను.
నా వేలి గీతలు కాగితం మీద పడ్డాయి,
చెమటతో.

దాలమ్మకి కబురు చెప్పాలన్న నియమం ఏదీ లేదు.
మందిరం అటెండరు సింహాద్రికి నేనే ఉత్తరం రాశాను.
జవాబొచ్చింది:
"తొడుగులిచ్చినారు. మొగోళ్ళ సైజు.
ఆడోళ్ళ చేతుల్లోంచి జారిపోతన్నాయి.
సైజు సంగతి కాగితంలో నేదంటన్నారు.
దాలమ్మ సెప్పమంది."

ఉత్తరం మడత విప్పి, పైన తేదీ వేసి,
వచ్చే సమావేశం ఫైలులో పెట్టాను.
వరుస సంఖ్య నలభై ఏడు.