మందేది

పెదవాల్తేరు కంటాసుపత్రిలో
కట్టు విప్పిన వారానికి
సన్నెమ్మత్తని జూకి తీసుకెళ్లాను.
హనుమంతవాక దాటాక కిటికీలోంచి
కంబాలకొండను చూసి
"ఊరి పక్కనే అడవుందేటి మీకు" అంది,
కాస్త జాలిగా.

పులి దగ్గర ఆగలేదు.
జిరాఫీని చూసి
కొబ్బరికాయలు దింపడానికి పనికొస్తాదంది.
ఏనుగు ముందు మాత్రం చెప్పులు విప్పింది.
దండం పెట్టడానికనుకున్నాను.
కాదు,
పరిగెత్తాల్సొస్తే చెప్పులు అడ్డమట.

రెండేళ్ల కింద, కొమరాడ దగ్గర,
కోతకొచ్చిన చెరుకు, నలభై అరటి చెట్లు,
మోటారు షెడ్డు గోడ
ఒక్క రాత్రిలో.
నష్టపరిహారం కాగితం ఇంకా
రొంటినే ఉంది, నాలుగు మడతల్లో.

కందకం అవతల అది
గడ్డిని కాలికేసి కొట్టి, మట్టి రాల్చి
నోట్లో పెట్టుకుంటోంది.
ఎవరూ డప్పులు కొట్టడం లేదు.
టపాసులు లేవు.
సముద్రం గాలికి చెవులు మెల్లగా.

అత్త కొత్త కంటితో చాలాసేపు చూసి
"మందేది?" అంది.
సంచీలోంచి చుక్కల సీసా తీశాను.
చెయ్యి తోసేసింది.
"నా మందు కాదురా.
దాని మంద."

బోర్డంతా చదివాను.
తినే గడ్డి ఎన్ని కిలోలో ఉంది.

గేటు దగ్గర, ఎటో చూస్తూ,
"ఆ రాత్రి తొమ్మిదొచ్చినాయి.
గున్నది నడుమన నడిచింది.
తొలి గెడ దానికే విరిచిచ్చినాయి" అంది,
ఫారెస్టోళ్లకు రాయించని మాట.

రోడ్డు మీద తారు
అరికాళ్లు కాల్చాక గానీ
చెప్పులు గుర్తు రాలేదు.