పదో తారీకు

తొమ్మిదో తారీకు రాత్రి నాకు నిద్ర పట్టదు.
లాకు పక్కన పెచ్చులూడిన గదిలో
ఒకే జీతాన్ని మూడుసార్లు లెక్కపెడతాను,
మూడోసారికైనా పెరుగుతుందేమోనని.

రాజోలు కోర్టు నాలుగు వేలంది.
అమలాపురం కోర్టు మూడున్నర వేలంది.
మధ్యలో వైనతేయ.
గన్నవరం అక్విడెక్టు మీద నిలబడి చూస్తే
కింద నది సముద్రానికి పోతుంటుంది,
పైన కాలవ లంకలోకి పోతుంటుంది.
నీళ్ళ మీంచి నీళ్ళు,
ఒకదాని తడి ఇంకోదానికి తగలదు.
నా పిల్లలిద్దరూ అంతే.
ఒకరి మొహం ఒకరు చూడలేదు.

నేను లస్కర్నండి.
వంతు ప్రకారం తలుపులెత్తడం, దించడం నా పని.
దాళవాకి నీళ్ళు చాలని రోజుల్లో
నాలుగు రోజులు పైవాళ్ళకి, నాలుగు రోజులు శివారుకి.
శివారు రైతు అర్ధరాత్రి సైకిలేసుకొచ్చి
"మా వంతు మింగేశారు" అని అరుస్తాడు.
చార్టు చూపిస్తాను. ఏఈ గారి సంతకం చూపిస్తాను.
అతను బ్యాటరీలైటు నా మొహం మీదేసి
"చార్టు తాగుతాయా చేలు?" అంటాడు.

రూతూ అదే అంది, కోర్టు మెట్ల మీద.
"ఆర్డరు తాగుతాడా పిల్లాడు?"

సత్యవేణిని నేనే వదిలేశాను.
రూతు నన్ను వదిలేసింది.
రెండూ ఒకటి కాదు గానీ
కోర్టులో రెండింటికీ ఒకటే రకం కాగితం.
ఎవరన్నా అడిగితే "ఖర్మండీ" అనేవాణ్ణి.
ఇప్పుడు అనడం మానేశాను.
ఆ ఖర్మ తాళంచెవి
ఎప్పుడూ నా మొలతాడుకే ఉండేది.

హేమంతి ఏడో తరగతి.
అట్టలేసిన పుస్తకాల ఫొటో ఒకటి పంపింది జూన్లో.
డబ్బు చేరిందనడానికి అదే రశీదు.
ఇమ్మానుయేలుకి నాలుగేళ్ళు.
వాయిదాకి వాళ్ళమ్మ చంకలో వచ్చి
నా జేబులో పెన్ను లాక్కున్నాడు, ఇవ్వలేదు.
సంతకానికి ప్లీడరు గారి పెన్ను అడుక్కున్నాను.

జీతం కాంట్రాక్టరు దయ, మూడు నెలలకోసారి.
అందుకే పట్టుబడి రాత్రుళ్ళు రొయ్యల చెరువులో దిగుతాను.
వల లాగి, ఐసు కొట్టి, ట్రేలు మోస్తే
తెల్లారేసరికి ఆరొందలు.
చేతుల నీచు వారం పోదు,
నోటు ముట్టుకుంటే నోటుకీ అంటుతుంది.
ఫోన్లో పంపితే అంటదు.
అదొక్కటే సుఖం.

వేసవి రాగానే కాలవలు కట్టేస్తారు,
అడుగు తేలి, పిల్లలు బురదమట్టలు ఏరుకుంటారు.
కోర్టుకి అలా కట్టేసే కాలం లేదు.

ఈ నెల, చెరువు మీంచి వచ్చిన కళ్ళమంటతో,
రూతుకి పంపాల్సింది సత్యవేణికి కొట్టేశాను.
అప్పటికే ఆవిడది ఆవిడకి పోయింది.

ఫోను మోగింది.
ఆవిడ నాకు చేసి రెండేళ్ళు.
"ఇదెవరిది?" అంది.
"చిన్నోడిది. పొరపాటైంది" అన్నాను.
అటుపక్క కుట్టుమిషను ఆగింది.
చాలాసేపు ఆగింది.
"పేరేంటి వాడికి?"
చెప్పాను.
ఆ పేరు ఓసారి పైకే అనుకుంది,
ఎవరిదో గుడ్డ జానతో కొలుస్తున్నట్టు.
మిషను మళ్ళీ మొదలైంది.

అరగంటకి డబ్బు తిరిగొచ్చింది.
మూడు వేల మూడొందలు.
"రెండొందలు పోయిన నెల బాకీ" అని రాసింది.
నిజమే.
పోయిన నెల రెండొందలు తగ్గించి పంపాను,
చూసుకోదనుకున్నాను.

పొద్దెక్కింది.
ఆ రెండొందలూ ఎక్కడ పుడతాయో తెలీదు.
టీ కొట్టు వీర్రాజుకి ఇప్పటికే బాకీ,
ప్లీడరు గుమస్తాకి ఇంకా ముందు నుంచీ.
తలుపు చక్రం మీద చెయ్యేశాను,
గ్రీజు ఎండిపోయి కీచుమంది.
గట్టు మీద సైకిలు దిగకుండానే, ఒంటికాలు నేలకి ఆనించి
శివారు రైతు నా వంకే చూస్తున్నాడు.
"ఏవయ్యా, ఇవాళ మా వంతే కదా?"

"ఆయ్, మీదేనండి" అన్నాను.
తిప్పాను.