పెరుగు కేక

మత్సోనీ... మత్సోని!
పొద్దున్న ఆరున్నరకి నా గొంతు ముందు నడుస్తుంది,
దాని వెనక నేను,
నా వెనక సంచుల్లో పద్నాలుగు పెరుగు సీసాల గలగల.

త్బిలిసిలో, సొలొలాకి ఎగువ వీధుల్లో
ఇంటి నంబర్లు నేనెప్పుడూ చూసుకోలేదు.
కేక తిరిగొచ్చే తీరుని బట్టి
ఎవరి గుమ్మం ముందున్నానో
కళ్ళు మూసుకుని చెప్తాను.

ఇటుకల ఇల్లు కేకని మింగేస్తుంది.
పక్కన సున్నపు పూల ఇల్లు
కాసేపు నోట్లో ఉంచుకుని, కాస్త తీపి చేసి ఇస్తుంది.
చెక్క వసారాల ఇల్లయితే
మూడంతస్తుల నగిషీ కంతల్లోంచి జల్లించి
ఎవరి వాటా వాళ్ళకి పంచిపెడుతుంది.

మూల మీది ఇల్లు ఎవరో చమురు వర్తకుడు కట్టించాట్ట.
తలుపు మీద చెక్కిన ఆడమనిషి మొహం,
జుట్టు విరబోసుకుని, కళ్ళు అరమోడ్చి.
ముక్కు ఎవరో ఏనాడో విరగ్గొట్టారు.
శీతాకాలం ఆమె పెదవి మీద మంచు పేరుకుంటే
వేలితో తుడిచి ముందుకెళ్తాను.
ఎందుకంటే ఏం చెప్పను,
ఈ వీధిలో నాకు బాకీ లేనిది ఆవిడొక్కతే.

లోపల కప్పు నిండా రంగుల బొమ్మలు:
ఒక దేవకన్య, సగం చేప, ద్రాక్ష గుత్తులు.
వాటి మీదుగా పసుపుపచ్చ గ్యాసు గొట్టం
దేవకన్య చంకలోంచి దూరి మూడో అంతస్తుకి పోతుంది.
గడపలో చిన్న చిన్న రాళ్ళతో పొదిగిన పరాయి మాట,
రండి అనో, క్షేమమా అనో అర్థంట.
సగం రాళ్ళు ఊడాయి.
ఆ మిగిలిన సగం పిలుపుకే కాళ్ళు తుడుచుకుంటాను.

ఎదురింటాయన పోటీకి కట్టాడేమో,
కిటికీలకి ఉల్లిపాయ మొనలు, నీలం పెంకులు.
ఆ పైది కోట కాబోయి మనసు మార్చుకున్న ఇల్లు:
ఒక్కటే బురుజు,
అందులో ఇప్పుడు వాలికో మావయ్య పావురాలు.
ఒకదానికొకటి చుట్టరికం లేదు,
అయినా కొండవాలున ఒకదాని భుజం మీద ఒకటి వాలి,
విందయ్యాక బల్ల దగ్గరే కునికే మేనమామల్లా.

కిందటేడు ఒకింటికి గాజు తలుపు పెట్టారు,
అంకెలు నొక్కితే తెరుచుకునేది.
కేక వేశాను.
నా మొహం కనబడింది. గొంతు తిరిగి రాలేదు.

షుషానిక్ ఇంటికి ఇనప మెలిమెట్లు,
ఇరవైమూడు, పదకొండోది లేదు.
ఆవిడ దిగదు. బుట్ట దిగుతుంది తాడు మీద:
ఖాళీ సీసా, చిల్లర, ఒక్కోసారి అంజీరు పండు.
అది దిగేలోపు ఉమ్మడి వాకిలి చూస్తూ నించుంటాను.
ఒకటే కుళాయి, ఒకటే ద్రాక్ష పందిరి,
ఏడు కుటుంబాల బట్టలు గాల్లో.
ఎవరింటికి చుట్టాలొచ్చారో దుప్పట్లు చెప్తాయి.

మొన్న మంగళవారం ఒక కుర్రాడు,
మెడలో కొలత టేపు, చేతిలో సుద్దముక్క.
"పిన్నీ, రోజూ తిరుగుతావు కదా,
వీటిల్లో గొప్ప ఇళ్ళేవి? పదే రాసుకు రమ్మన్నారు."

సీసాలు కింద పెట్టాను. వేళ్ళు మడిచాను.
మొహం ఉన్న తలుపు. బురుజు. ఉల్లిపాయ కిటికీలు.
ఆరో వేలు దగ్గర ఆగిపోయాను.
షుషానిక్ ఎదుట ఒక సన్నటి ఇల్లుంది,
పూలు లేవు, బొమ్మల్లేవు,
నాలుగు ఇనప దూలాలు ఆనించి నిలబెట్టారు.
నా కేక దాని గోడకి తగిలే
ఆవిడ చెవిన పడుతుంది.

"ఇదీ రాయి బాబూ" అన్నాను.
"దీన్లో ఏముందని?"
మాటల్లో ఎలా చెప్పేది?
గొంతు సవరించుకుని
మత్సోనీ... అని గోడ వైపు తిరిగి పిలిచాను.

పైన కప్పీ కీచుమంది.
బుట్ట మెల్లగా ఊగుతూ దిగింది.
కుర్రాడు తలెత్తి చూస్తున్నాడు,
సుద్దముక్క చేతిలోనే ఉంది.

ఏం రాశాడో నాకు తెలీదు.
ఇంకా తొమ్మిది సీసాలున్నాయి.